వేషం ఒప్పుకునే ముందు
మాది అంబాజీపేట. సినిమాలో వేషం వచ్చిందంటే మా అమ్మ ఇప్పటికీ అడిగేది ఒకటే: "ఎన్ని సీన్లే?" నేనా లెక్క మానేశాను. కొత్తగా వేషాలకొస్తున్నావు, నువ్వూ మానెయ్యమ్మా. కథంతా చెప్పమను, నీ పాత్ర తీసేస్తే కథ కుంటుతుందా చూడు. కుంటకపోతే, డబ్బు అవసరమైతేనే ఒప్పుకో. అద్దె కట్టాలిగా, తప్పులేదు.

ఒప్పుకున్నాక ఒళ్లు దాచుకోకు. చేపలమ్మే వేషం కోసం వరద రోజుల్లో యానాం మార్కెట్లో మూడు పొద్దులు కూర్చున్నా. పులస అమ్మే ఆవిడ ముందు రేటు చెప్పదు. బొటనవేలితో మొప్ప ఎత్తి ఎరుపు చూపిస్తుంది, నీ మొహం చదువుతుంది, అప్పుడు చెబుతుంది. ఆ బొటనవేలే నా వేషం. డైలాగులు తర్వాత.

డబ్బింగ్ నువ్వే చెప్పేట్టు అగ్రిమెంటులో రాయించుకో. మొదటి సినిమాకి నేను రాయించలేదు. తెర మీద నా నోట్లోంచి ఎవరి గొంతో వచ్చింది. మా వీధంతా ఒకటే నవ్వు. మన యాస సాగుతుందంటారు, అననీ.

పెద్దాపురం నుంచి వెళ్లిన నటి అంజలీదేవి 1957లో సొంత సంస్థ మీద 'సువర్ణసుందరి' తీశారు. 1963లో 'లవకుశ' సీత కూడా ఆవిడే. మనకి సొంత సంస్థ పెట్టేంత లేకపోయినా, ఆర్నెల్ల ఖర్చు పక్కనుంటే "కుదరదండీ" అనడానికి నోరొస్తుంది. నాది ఊళ్లో పోస్టాఫీసులో ఉంది, అమ్మ పేరు మీద.