రీచి మాజాంగ్: బిళ్లను అడగడానికీ వదలడానికీ ఉన్న నియమాలు

నలుగురు బిళ్లలతో ఆడే మాజాంగ్ ఆటలో జపాన్ పద్ధతిని, అంటే రీచి మాజాంగ్‌ను, కొత్తగా నేర్చుకునేవారు సాధారణంగా గెలుపు చేతుల పట్టికను బట్టీ పట్టడంతో మొదలుపెడతారు. దానికంటే ముందు తెలియవలసినది, ఇతరులు వదిలిన బిళ్లను ఎప్పుడు అడిగి తీసుకోవచ్చు, తాను వదిలే బిళ్ల తనను ఎలా కట్టిపడేస్తుంది అన్న విషయం. బల్ల దగ్గర తగవులు పుట్టేది ఎక్కువగా ఇక్కడే.

ఆటలో 34 రకాల బిళ్లలు, రకానికి 4 చొప్పున మొత్తం 136 ఉంటాయి. ఒక్కొక్కరి చేతిలో 13 బిళ్లలుంటాయి; వంతు వచ్చినవారు గోడ (బొమ్మ కనిపించకుండా బోర్లా పేర్చిన బిళ్లల వరుస) నుంచి ఒకటి తీసుకొని, ఒకటి వదులుతారు. వదిలిన బిళ్లను బల్ల మధ్యకు తోసివేయకూడదు. ఎవరి ఎదుట వారు, ఎడమ నుంచి కుడికి, వరుసకు 6 చొప్పున, వదిలిన క్రమం చెడకుండా, బొమ్మ పైకి కనిపించేలా పేర్చాలి. ఏ బిళ్ల ముందు పోయిందో, ఏది తరువాత పోయిందో చూసే మిగిలిన ముగ్గురూ ఆ చేతిని అంచనా వేస్తారు కాబట్టి, ఈ క్రమం అలంకారం కాదు, ఆటలో భాగం.

అడిగి తీసుకునే పద్ధతులు మూడు. వరుస అంకెల మూడు బిళ్లల జట్టు కోసం అడగడం చీ. వంతు కుడివైపుగా తిరుగుతుంది గనుక, మనకు సరిగ్గా ముందు ఆడే ఎడమ పక్కవారు వదిలినదానికే చీ చెల్లుతుంది. ఒకే రకం మూడింటి కోసం అడగడం పోన్, నాలుగింటి కోసం అడగడం కాన్. ఈ రెండూ ఎవరు వదిలినా చెల్లుతాయి. తదుపరి వారు గోడ మీద చేయి వేయకముందే మాటను స్పష్టంగా పలకాలి. ఒకే బిళ్లకు ఇద్దరు పోటీపడితే చీ కంటే పోన్, కాన్‌లది పైచేయి. వాటన్నిటికంటే రోన్, అంటే ఆ బిళ్లతోనే గెలుపు ప్రకటించడం, పైది. ఇద్దరు ఒకేసారి రోన్ పలికితే ఇద్దరికీ చెల్లించాలా, ఒక్కరికేనా అన్నది ఆట మొదలుకాకముందే తేల్చుకోవడం మంచిది.

చీ, పోన్‌ల తరువాత గోడ నుంచి తీసుకోకుండా నేరుగా ఒక బిళ్లను వదలాలి. కాన్ తరువాత మాత్రం పక్కన పెట్టి ఉంచిన 14 బిళ్లల గోడ నుంచి ఒకటి తీసుకొని, ఆపైన వదలాలి. కొత్త డోరా సూచిక (ఏ బిళ్లకు అదనపు విలువ ఉందో చూపే బిళ్ల) కూడా తెరుచుకుంటుంది గనుక, ఆ లాభం ఎదుటివారికే దక్కవచ్చు. ఏర్పడిన జట్టును బల్ల కుడి మూలన తెరిచి ఉంచి, తీసుకున్న బిళ్లను అడ్డంగా పెట్టాలి: ఎడమవారి నుంచి వచ్చినదైతే ఎడమ చివర, ఎదుటివారిదైతే మధ్యలో, కుడివారిదైతే కుడి చివర. అది ఎవరి వరుస నుంచి పోయిందో చివరిదాకా తెలియాలన్నదే దీని ఉద్దేశం.

అడిగిన మరుక్షణం ఏది వదలరాదో చెప్పే నియమాన్ని కుయికాయె నిషేధం అంటారు. ఎక్కువ చోట్ల ఇది అమలులో ఉంటుంది. చేతిలో వెదురు రంగు (అంకెల బిళ్లల మూడు రంగుల్లో ఒకటి) 4, 5, 6 ఉన్నాయనుకోండి. ఎడమవారు వెదురు 3 వదలగా, 4, 5లతో కలిపి చీ చేసి, మిగిలిన 6ను అదే వంతులో వదిలేస్తే చేతిలో మార్పేమీ లేకుండా వంతు మాత్రం గడిపినట్లవుతుంది. అందుకే తీసుకున్న 3నే కాక, ఆ జట్టు రెండో చివరకు సరిపోయే 6ను కూడా ఆ వంతులో వదలకూడదు.

బిళ్లను అడగడానికి నియమం ఒప్పుకున్నంత మాత్రాన అడగాలని లేదు. అడిగి తీసుకోవడంతో చేయి ఒకసారి తెరుచుకుంటే రీచి (మూసిన చేయి గెలుపుకు ఒక్క బిళ్ల దూరంలో ఉందన్న ప్రకటన) చెప్పడానికి వీలుండదు, పిన్ఫు వంటి యాకులు (గెలుపుకు అర్హతనిచ్చే చేతి రూపాలు) పోతాయి, ఒకే రంగు బిళ్లలతో కూర్చే చినిత్సు విలువ 6 హాన్ల (చేతి విలువను కొలిచే ప్రమాణం) నుంచి 5కు తగ్గుతుంది. యాకు ఒక్కటైనా లేని చేతితో గెలవలేరు కాబట్టి, కనిపించిన ప్రతిదానికీ చీ చెప్పేవారు గెలుపుకు కావలసిన నాలుగు జట్లు, ఒక జత పూర్తయ్యాక కూడా గెలుపు ప్రకటించలేక కూర్చుంటారు. డ్రాగన్ బిళ్లల పోన్ వంటిది తనంతట తానే యాకు అవుతుంది గనుక, కొత్తవారు మొదట అలాంటివాటికే పరిమితమైతే మేలు.

అన్నిటికంటే జాగ్రత్తగా తెలుసుకోవలసినది ఫురిటెన్, అంటే రోన్ పలికే హక్కు పోయే స్థితి. చేతిలో వెదురు 4, 5 మిగిలి 3 కోసమో 6 కోసమో ఎదురుచూస్తున్నప్పుడు, ఎప్పుడో తొలి వంతుల్లో వదిలిన వెదురు 6 మీ వరుసలో ఉంటే, ఎవరైనా 6 వదిలినప్పుడే కాదు, 3 వదిలినా రోన్ చెల్లదు. ఎదురుచూపులో ఒక్క బిళ్ల సొంత వరుసలో ఉన్నా మొత్తం ఎదురుచూపుకు ఆ దోషం అంటుతుంది. ఆ 6ను మరొకరు పోన్ చేసి తీసుకుపోయినా అది మీరు వదిలినదిగానే లెక్క. గోడ నుంచి స్వయంగా తీసుకొని త్సుమోతో గెలవడానికి మాత్రం అభ్యంతరం లేదు. గెలుపు బిళ్ల ఎదుట పడినా రోన్ పలకకుండా ఊరుకుంటే, మళ్లీ మీ వంతు వచ్చి ఒక బిళ్ల వదిలేదాకా ఇదే స్థితి వర్తిస్తుంది. రీచి ప్రకటించాక ఊరుకుంటే ఆ చేయి ముగిసేవరకూ తొలగదు.

రీచి ప్రకటించేవారు 1000 పాయింట్ల పుల్లను బల్ల మీద ఉంచి, వదిలే బిళ్లను అడ్డంగా పెడతారు. దాన్ని మరొకరు అడిగి తీసుకుపోతే, తరువాత వదిలేదాన్ని అడ్డంగా పెట్టాలి. ఆ తరువాత చీ, పోన్ అడగడానికి వీల్లేదు. గోడ నుంచి వచ్చిన నాలుగో బిళ్లతో మూసిన కాన్ (నాలుగూ సొంత చేతివే అయినది) చేయవచ్చు గాని, దానివల్ల ఎదురుచూపు మారకూడదు. గోడ అయిపోయాక పడే చిట్టచివరి బిళ్లకు చీ, పోన్, కాన్ ఏవీ చెల్లవు, రోన్ ఒక్కటే చెల్లుతుంది.