పండగల్లో, పెళ్లిళ్లలో, గ్రామసభల్లో వికలాంగులు మనతో పాటు పాల్గొనాలంటే ఏం చేయాలి

డిసెంబర్ 3, అంటే అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం వచ్చిందంటే చాలా చోట్ల ఒక సభ పెడతారు. వికలాంగుల్ని ముందు వరసలో కూర్చోబెట్టి, దుప్పట్లో పళ్లో చేతికిచ్చి ఫొటోలు దిగుతారు, ఇక ఆ ఏడాదికి అయిపోయినట్టే. అదే మనుషుల్ని వినాయక చవితి కమిటీలోకి పిలిచారా, చందాల లెక్క వాళ్లలో ఎవరికైనా అప్పగించారా, బతుకమ్మ ఆడేచోటికి వాళ్లు రాగలరో లేదో ఎవరైనా చూశారా అని అడిగితే జవాబు రాదు. నేను చెప్పేది వాళ్లని ఇలా కలుపుకునే పని గురించే. దీనికి పెద్ద డబ్బు అక్కర్లేదు, కానీ పండగకి ముందు రోజు రాత్రి గుర్తొస్తే మాత్రం కుదరదు, కనీసం రెండు మూడు వారాల ముందు మొదలుపెట్టాలి.

మొదట ఎవరున్నారో తెలుసుకోండి. "మా వీధిలో అలాంటివాళ్లు ఎవరూ లేరండి" అనే మాట కమిటీల్లో తరచూ వినిపిస్తుంది. ఉంటారు, బయటికి రారు అంతే. ఆశా కార్యకర్తకీ అంగన్‌వాడీ టీచర్‌కీ ఏ ఇంట్లో ఎవరున్నారో తెలుసు. అయితే వాళ్లని జాబితా అడగొద్దు, "కమిటీ వాళ్లు కలవడానికి రావచ్చా" అని ఆ ఇంటివాళ్లని కనుక్కుని చెప్పమనండి. ఇంకో సంగతి, చక్రాల కుర్చీయో ఊతకర్రో కనిపిస్తేనే వైకల్యం అనుకోకండి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాలే ఉండేవి, 2016 చట్టం వాటిని 21 చేసింది. అందులో ఆటిజం ఉంది, తలసేమియా ఉంది, పార్కిన్సన్స్ ఉంది, మానసిక అనారోగ్యం ఉంది. పక్కింటి పిల్లాడు డీజే మోత మొదలవగానే చెవులు మూసుకుని లోపలికి పరిగెత్తుతుంటే అది అల్లరి కాకపోవచ్చు.

ఇంటికి వెళ్లాక మాట ఆ మనిషితోనే మాట్లాడండి. "ఏమ్మా, మీవాడు వస్తాడా?" అని తల్లిని అడగడం మనకి అలవాటు. వాడు అక్కడే కూర్చుని ఉంటాడు, ముప్పై ఏళ్లు దాటి ఉంటాయి, అయినా అతని గురించి అతని ఎదురుగానే వేరేవాళ్లతో మాట్లాడతాం. నేరుగా అతన్నే పేరు పెట్టి పిలిచి అడగండి. ఎలా వస్తారు, ఎంతసేపు కూర్చోగలరు, బాత్రూమ్ సంగతి ఏంటి, మీకు ఏ పని చేయాలనుంది. ఈ నాలుగూ చాలు. జబ్బు ఎలా వచ్చింది, మందులు వాడారా, ఫలానా ఊళ్లో ఫలానా వైద్యుడు ఉన్నాడు, ఇవన్నీ వద్దు. "పాపం" అనే మాట కూడా వద్దు.

బాత్రూమ్ సంగతి విడిగా చెప్తాను, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా వదిలేసేది అదే. పోలియో వచ్చిన ఆడవాళ్లు, వెన్నెముక దెబ్బతిన్నవాళ్లు పెళ్లికి బయల్దేరే రోజు పొద్దున్నుంచీ మంచినీళ్లు తాగరు, అక్కడ వెళ్లడానికి చోటు ఉండదని. వెళ్లినా గంటలో వచ్చేస్తారు. చూసేవాళ్లకేమో "భోజనం కూడా చేయకుండా వెళ్లిపోయింది, ఎవరితోనూ కలవదు" అనిపిస్తుంది. అందుకే ఫంక్షన్ హాల్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందు టేపు పట్టుకుని వెళ్లండి. గ్రౌండ్ ఫ్లోర్‌లో వెస్టర్న్ కమోడ్ ఉన్న బాత్రూమ్ ఒకటైనా ఉందా, దాని తలుపు దాదాపు మూడడుగుల వెడల్పు ఉందా, లోపల కుర్చీ తిరుగుతుందా, పట్టుకోవడానికి గోడకి రాడ్ ఉందా, గడియ పడుతుందా చూడండి. ఉన్న ఆ ఒక్క బాత్రూమ్‌లో వంటవాళ్ల సామాన్లు కుక్కేసి తాళం వేస్తుంటారు, ముందే చెప్పి ఖాళీ చేయించండి. పందిరి వేసే పండగైతే దగ్గర్లో వెస్టర్న్ బాత్రూమ్ ఉన్న ఇల్లు ఒకటి చూసి, ఆ ఇంటివాళ్లని అడిగి పెట్టుకుంటే సరిపోతుంది.

తర్వాత మెట్లు. ర్యాంపుకి లెక్క తేలిక, ఎత్తు ఒక అంగుళమైతే పొడవు పన్నెండు అంగుళాలు. అంటే ఆరంగుళాల మెట్టు ఒకటి ఉంటే ఆరడుగుల ర్యాంపు, అలాంటివి మూడుంటే పద్దెనిమిది అడుగులు. రెండు మెట్ల మీద పొట్టి చెక్క ఒకటి వాల్చేసి ర్యాంపు అనుకుంటారు కొందరు, దాని మీద కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. టెంట్ హౌస్ వాళ్లకి ముందే కొలతలు ఇస్తే మందపాటి ప్లైవుడ్, కింద ఇనప ఫ్రేము పెట్టి చేసిస్తారు, వెడల్పు నాలుగడుగులు ఉండాలి, అంచుకి చిన్న చెక్క పట్టీ కొట్టించండి చక్రం జారకుండా. దాని మీద ఎర్ర తివాచీ పరచొద్దు, ముడతలు పడి చక్రం ఇరుక్కుంటుంది. స్టేజీకి ర్యాంపు కుదరకపోతే పెళ్లికొడుకు, పెళ్లికూతురు రెండు నిమిషాలు కిందికి దిగొచ్చి అక్షింతలు వేయించుకోవచ్చు, అందులో నామోషీ ఏం లేదు. నలుగురు కుర్రాళ్లు కలిసి మనిషిని కుర్చీతో సహా పైకెత్తేయడం మాత్రం, ఆ మనిషి తనంతట తాను అడిగితే తప్ప, చేయకండి. పడితే ఎముక విరుగుతుంది, పడకపోయినా అందరి ముందు సామాను మోసినట్టు మోయించుకోవడం ఎవరికి బాగుంటుంది? కుర్చీ వెనక పట్టుకునేటప్పుడు కూడా అడిగే పట్టుకోండి, వాలు దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి మీరు ముందుగా దిగుతూ నెమ్మదిగా దించండి.

గుడి దగ్గర చక్రాల గురించి అభ్యంతరం వస్తుంటుంది. బయట తిరిగిన చక్రాలు లోపలికి వద్దంటారు. పూజారితో ముందే మాట్లాడి, తడిబట్టతో చక్రాలు తుడిచి తీసుకెళ్లడమో, గుడి లోపల వాడటానికే ఒక కుర్చీ కొని పెట్టడమో చేస్తే గొడవ లేకుండా తీరిపోతుంది.

చూపు లేనివాళ్లు వస్తే దగ్గరికి వెళ్లగానే మీ పేరు చెప్పండి. "నేనెవరో చెప్పుకోండి చూద్దాం" అనే ఆట ఆడకండి. దారి చూపించాలంటే చెయ్యి పట్టి లాగొద్దు, మీ మోచేతి పైన వాళ్లని పట్టుకోనిచ్చి మీరు అరడుగు ముందు నడవండి, మెట్టు వస్తే "పైకి", "కిందికి" అని చెప్పండి. భోజనానికి బఫే కన్నా బంతి నయం. విస్తరి ముందు కూర్చున్నాక ఏది ఎక్కడుందో ఒకసారి చెప్పండి, ఎడమ వైపు పైన పచ్చడి, పక్కన పప్పు, కుడి చేతి దగ్గర గారె అని, తర్వాత వాళ్లని తిననివ్వండి. లేచి వెళ్లేటప్పుడు "నేను వెళ్తున్నా" అని చెప్పి వెళ్లండి, లేకపోతే ఖాళీ కుర్చీతో మాట్లాడుతూ ఉండిపోతారు.

వినికిడి లేనివాళ్ల దగ్గర గట్టిగా అరవడం వల్ల లాభం లేదు. ముఖం మీద వెలుతురు పడేలా ఎదురుగా నిలబడి మామూలుగా మాట్లాడండి, లేదా ఫోన్‌లో టైప్ చేసి చూపించండి. తెలుగులో మన మాటని అక్షరాలుగా చూపించే లైవ్ ట్రాన్స్‌క్రైబ్ యాప్ ఆండ్రాయిడ్ ఫోన్లలో పనిచేస్తుంది, చదువుకున్నవాళ్లకి అది బాగా పనికొస్తుంది, మీటింగులో ఒకరి తర్వాత ఒకరు మాట్లాడితేనే సుమా. సైగల భాషలో ఒక పది మాటలు నేర్చుకోండి, ఎవరి దగ్గరో కాదు, వాళ్ల దగ్గరే.

వాట్సాప్ గ్రూపు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. పండగ వివరాలన్నీ రంగురంగుల బొమ్మలో పెట్టి పంపేస్తాం. చూపు లేనివాళ్లు ఫోన్‌లో టాక్‌బ్యాక్, అంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే ఏర్పాటు, పెట్టుకుని వింటారు, టైప్ చేసిన తెలుగుని అది చక్కగా చదువుతుంది, బొమ్మలోని అక్షరాలు వచ్చేసరికి చాలాసార్లు మూగబోతుంది. బొమ్మ కింద అదే విషయం రెండు లైన్లలో టైప్ చేయండి. అలాగే ప్రెసిడెంట్ గారు పంపే ఐదు నిమిషాల వాయిస్ మెసేజ్ వినికిడి లేనివాళ్లకి అందదు, దాని సారాంశం ఎవరో ఒకరు రాయాలి.

ఇప్పుడు అసలు పని. మనిషిని రప్పించి కుర్చీ వేసి కూర్చోబెడితే అది పాల్గొనడం అవదు, చూడటం అవుతుంది. పని అప్పగించాలి, అదీ జరగకపోతే పండగ ఆగిపోయేంత నిజమైన పని. చందాల లెక్క, రసీదులు, లైటింగ్ వాళ్లతో బేరం, మైకులో ప్రకటనలు, పాటల ఎంపిక, ప్రసాదం వంతుల పట్టిక, వీటిలో కాళ్లతో పనిలేనివి ఎన్నో చూడండి. బతుకమ్మ పేర్చడం కూర్చుని చేసే పనే, తంగేడు, గునుగు ముందు పెడితే ఎవరైనా పేరుస్తారు. ఆడేటప్పుడు నేల చదునుగా ఉంటే చక్రాల కుర్చీ కూడా వలయంలో తిరుగుతుంది, అందరూ కాస్త నెమ్మదిగా అడుగేస్తే చాలు. బుద్ధిమాంద్యం ఉన్న యువకులకి ఒకే పనిని చేసి చూపించి, పక్కన ఒక స్నేహితుణ్ని పెట్టండి. ప్రసాదం దొన్నెలు అందించడం లాంటిది ఒకసారి పట్టుబడితే చాలామంది మనకన్నా శ్రద్ధగా చేస్తారు. మోత పడనివాళ్ల కోసం స్పీకర్లకి దూరంగా ఒక గదో పందిరి మూలో ఉంచండి, డీజే ఎప్పుడు మొదలవుతుందో ఆ ఇంటికి ముందే చెప్పండి.

ఇంట్లోవాళ్ల భయాన్ని తీసిపారేయకండి. ఆడపిల్ల అయితే మరీ. ఎవరైనా వెక్కిరిస్తారేమో, ఫిట్స్ వస్తే ఎలా అని వాళ్ల టెన్షన్ వాళ్లది. మొదటిసారి పావుగంటకి పిలవండి, తీసుకొచ్చి దింపే మనిషి ఎవరో పేరుతో చెప్పండి. చిన్నపిల్లలు "అన్నా, నీ కాలికేమైంది?" అని అడిగితే గదమకండి, ఆ అన్న చెప్పుకుంటాడు.

పండగలతో ఆగొద్దు. గ్రామసభ మేడ మీద పెడుతుంటే కింద పెట్టమని రాసివ్వండి. పొదుపు సంఘంలో చేరనివ్వలేదని ఎవరైనా చెప్తే, వికలాంగుల సంఘానికి ఐదుగురు సభ్యులున్నా చాలని పొదుపు సంఘాల్ని చూసే ఐకేపీ లేదా వెలుగు సిబ్బందితో మాట్లాడండి. ఓటు రోజుకి ఎన్నికల సంఘం వారి యాప్‌లో చక్రాల కుర్చీ కావాలని ముందే అడగొచ్చు. ఈవీఎం మీద బ్రెయిలీ అంకెలుంటాయి, చూపు లేని ఓటరు పద్దెనిమిదేళ్లు నిండిన తోడుని లోపలికి తీసుకెళ్లొచ్చు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లు ఫారం 12డి అనే దరఖాస్తు ఇచ్చి ఇంటి నుంచే ఓటేసే వీలు కూడా ఉండింది. కానీ చాలామందికి లైన్లో అందరితో పాటు నిలబడి వేలికి సిరా పూయించుకోవాలని ఉంటుంది, ఏది కావాలో వాళ్లనే అడగండి. వైకల్యం సర్టిఫికెట్ లేనివాళ్లుంటే అది ఇచ్చే క్యాంపుకి స్లాట్ బుక్ చేయించడం, ఆ రోజు తోడు వెళ్లడం కమిటీ తరఫున ఎవరైనా తీసుకోవచ్చు.

పండగ అయిన రెండు మూడు రోజుల్లో వచ్చినవాళ్లకీ, పిలిచినా రానివాళ్లకీ ఫోన్ చేయండి. ఏది ఇబ్బందయింది, వచ్చేసారి ఏ పని తీసుకుంటారు, రెండూ అడిగి కమిటీ పుస్తకంలో రాయండి. ర్యాంపు కొలతలు, చేసిచ్చిన టెంట్ హౌస్ నంబరు, పలకలు ఎవరింట్లో పెట్టారో కూడా అదే పేజీలో రాస్తే వచ్చే ఏడాది కొత్త కమిటీ మళ్లీ మొదటినుంచి వెతుక్కోనక్కర్లేదు.