సీ హారియర్ బూడిద రంగు చివరికి తేలింది (నా అనుభవం)

సీ హారియర్ యుద్ధ విమానం 1/72 స్కేల్ మోడల్ కిట్‌కి మన నేవీ 'వైట్ టైగర్స్' స్క్వాడ్రన్ రంగులు వేద్దామంటే, ఒక్కో ఫొటోలో బూడిద ఒక్కోలా ఉంటోంది. బాక్స్ మీది బొమ్మ, నెట్ ఫొటోలు, ఫోన్‌లో కలర్ పికర్, ఏదీ తేల్చలేదు.

పనిచేసింది ఇది. ముందు రంగు వదిలేసి సంవత్సరం తేల్చుకున్నాను. 1983లో ఈ విమానాలు మన నేవీకి వచ్చినప్పుడు పైన ఎక్స్‌ట్రా డార్క్ సీ గ్రే (ముదురు బూడిద), కింద తెలుపు. తర్వాత రంగుల స్కీమ్ మారింది. నాకు మొదటిదే కావాలి కాబట్టి ఒక్క విమానం సీరియల్ నంబరు ఎంచుకుని, తేదీ ఉన్న ఫొటోలే ఉంచుకున్నాను. ప్రతి ఫొటోలో రౌండెల్‌లోని (విమానం మీద ఉండే గుండ్రటి జాతీయ గుర్తు) తెల్ల రింగు నిజంగా తెల్లగా కనిపించేదాకా కలర్ సరిచేశాను. దాంతో బూడిదలన్నీ దాదాపు ఒకదారికొచ్చాయి! తర్వాత బీఎస్ 381సీ 640 (బ్రిటిష్ స్టాండర్డ్‌లో ఎక్స్‌ట్రా డార్క్ సీ గ్రే నంబరు) అని ఉన్న పెయింట్‌ని, ప్రైమర్ కొట్టిన ప్లాస్టిక్ ముక్క మీద వేసి, బాగా ఆరాక (వైజాగ్ ఉక్కపోతలో మర్నాటిదాకా ఆగడమే మేలు) నీడపట్టున పగటి వెలుగులో పోల్చాను. మరీ నల్లగా అనిపిస్తే కొంచెం లేత బూడిద కలిపాను. అది నా కంటి లెక్కే, రూల్ కాదు.

వైజాగ్ బీచ్ రోడ్డులో ప్రదర్శనకు పెట్టిన సీ హారియర్‌ని ప్యానెల్ గీతలకి, ఇంజిన్ నాజిల్స్‌కి చూడండి, రంగుకి మాత్రం వద్దు. ప్రదర్శనకు పెట్టే విమానాలకు మళ్లీ పెయింట్ వేస్తుంటారు. రౌండెల్ తెలుపే పసుపెక్కిన పాత ఫొటోలకు ఈ పద్ధతి పనికిరాకపోవచ్చు.