అల్లాయ్ వీల్స్ వేయించాక స్టీరింగ్ వణుకు: ఎలా పోయిందంటే

అనంతపురంలో మా కారుకి 14 అంగుళాల ఇనుప చక్రాలు తీసేసి 15 అంగుళాల అల్లాయ్స్ వేయించాను. పాత టైరు 165/80 ఆర్14 (వెడల్పు మి.మీ.లో, అందులో గోడ ఎత్తు శాతం, చక్రం అంగుళాల్లో), కొత్తది 185/65 ఆర్15. చక్రం అంగుళం పెరిగినా మొత్తం ఎత్తులో తేడా రెండు మిల్లీమీటర్లే, కాబట్టి స్పీడోమీటర్‌తో పేచీ లేదు. షాపతను "205/65 ఏయించన్నా, బండి లుక్కే మారిపోతాది" అన్నాడు. అది దాదాపు మూడు సెంటీమీటర్లు ఎత్తు ఎక్కువ. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపల రాసుకునే ప్రమాదం ఉంది. వద్దన్నాను.

అసలు తలనొప్పి గుత్తి వైపు హైవే ఎక్కాక మొదలైంది. 80 దాటగానే స్టీరింగ్ ఒకటే వణుకు. మళ్లీ బ్యాలెన్సింగ్ చేయించినా అంతే. చక్రం విప్పి కొలిస్తే విషయం తెలిసింది. పీసీడీ (నట్ల రంధ్రాల మీదుగా పోయే వృత్తం వ్యాసం) 100 మి.మీ. సరిపోయింది, నాలుగు నట్లూ పట్టాయి, కానీ చక్రం నడిమి రంధ్రం 67.1 మి.మీ., అందులో దూరే బండి హబ్ (ఇరుసు చివర చక్రం కూర్చునే భాగం) 54.1. ఆ సందు వల్ల చక్రం వెంట్రుకవాసి పక్కకు కూర్చుంటోంది. బ్యాలెన్సింగ్ మెషిన్ మీద నడిమి రంధ్రంలో దిగే కోన్ దాన్ని సరిగ్గా నడిమికే పట్టుకుంటుంది, అందుకే అక్కడ ఏ లోపమూ కనబడలేదు.

ఆ సందు పూడ్చే హబ్ రింగులు ఆ కొలతకే తెప్పించి వేసి, బండి జాకీ మీద ఉండగానే నట్లు ఎదురెదురుగా బిగించాం. వణుకు పోయింది. స్టెప్నీ మాత్రం పాత 14దే ఉంచుకున్నా, పంక్చర్ షాపు దాకా అది చాలు.