ఇండెక్స్‌లో అంకెలు తేడా కొడుతున్నాయా? టైప్ ఒకసారి చూడండి

బెంగళూరు ఫ్లాట్ల లిస్టింగులు ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ ఇంజిన్‌లో, ఒక ఇండెక్స్‌లో (వెతకడానికి వీలుగా డేటాను పేర్చే చోట) ఉన్నాయనుకుందాం. ఏ తేడా వచ్చినా ముందు ఒక పని చేయండి: రిజల్టులో కనిపించే సోర్స్‌ను నమ్మకండి. అది మీరు జేసన్ ఫార్మాట్‌లో పంపిన డేటాను పంపినట్టే దాచిన కాపీ. ఫిల్టరూ సార్టింగూ నడిచేది దాని మీద కాదు. అదే క్వెరీలో డాక్‌వాల్యూ ఫీల్డ్స్ (docvalue_fields) కూడా అడిగితే ఇండెక్స్‌లో నిజంగా ఏ అంకె పడిందో బయటపడుతుంది. రెండూ వేర్వేరుగా ఉంటే తప్పు టైప్‌దే, అంటే ఆ ఫీల్డ్‌కు పడిన డేటా రకానిదే.

2 బీహెచ్‌కే అడిగితే 2.5 బీహెచ్‌కే కూడా వస్తోంది

మ్యాపింగ్ (ఏ ఫీల్డ్‌కు ఏ టైప్ అన్న పట్టిక) రాయకుండా డేటా తోసేస్తే మొదటి డాక్యుమెంటే టైప్‌ను తేల్చేస్తుంది. మొదట 2 వచ్చింది కాబట్టి ఫీల్డ్ లాంగ్ (పూర్ణాంకాల టైప్) అయి కూర్చుంది. తర్వాత వచ్చిన 2.5ను తిప్పికొట్టదు, కోయర్స్ అనే సెట్టింగ్ మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది కనుక దశాంశాన్ని కోసేసి 2గా ఇండెక్స్ చేస్తుంది. స్క్రీన్ మీద మాత్రం 2.5 అనే కనిపిస్తుంది. సరిగ్గా 2.5 అని వెతికితే ఒక్క ఇల్లూ దొరకదు.

ఈ ఫీల్డ్‌కు స్కేల్డ్ ఫ్లోట్ (విలువను స్కేలింగ్ ఫ్యాక్టర్‌తో గుణించి దాచే టైప్) పెట్టి, ఆ ఫ్యాక్టర్ 10 ఇవ్వండి. 2.5 లోపల 25గా, పూర్ణాంకంగా నిలుస్తుంది. పూర్ణాంకాలే రావాల్సిన ఫీల్డ్‌లకు కోయర్స్ ఆపేయండి. అప్పుడు చెడ్డ డేటా గుట్టుగా దూరకుండా ఎర్రర్ ఇస్తుంది.

1,85,50,000 కంటే తక్కువ అంటే 1,85,49,999 ఫ్లాట్ రావడం లేదు

ఎక్స్‌పోర్ట్‌లో ధర చివర .0 అంటుకుని వచ్చి ఉంటుంది. దశాంశం కనబడగానే డైనమిక్ మ్యాపింగ్ (టైప్‌ను తానే ఊహించే పద్ధతి) ఫ్లోట్ (దశాంశాల టైప్) అనేస్తుంది. ఫ్లోట్ ప్రతి పూర్ణాంకాన్నీ కచ్చితంగా పట్టుకోగలిగేది 1,67,77,216 వరకే. ఆ పైన రెండేసి రూపాయల అంగలు వేస్తుంది కాబట్టి మన ఫ్లాట్ 1,85,50,000గా నమోదై ఫిల్టర్ హద్దు దాటిపోయింది. కోటిన్నర దాటిన ఫ్లాట్లు మామూలైన ఊళ్లో ఇది అరుదైన కేసేమీ కాదు.

రూపాయలు మాత్రమే అయితే లాంగ్ పెట్టండి. పైసలు కూడా ఉంటే స్కేల్డ్ ఫ్లోట్, ఫ్యాక్టర్ 100. చోటు కలిసొస్తుందని హాఫ్ ఫ్లోట్ (ఇంకా చిన్న ఫ్లోట్) జోలికి వెళ్లొద్దు: 2049 చదరపు అడుగులు అక్కడ 2048 అవుతాయి, 65504 దాటితే అసలు పట్టదు. పూర్ణాంకాలకు బైటా, షార్టా (చిన్న హద్దుల టైపులు) అని కుస్తీ కూడా అనవసరం. డిస్క్ మీద చోటు విలువలను బట్టి ఉంటుంది, టైప్ పేరును బట్టి కాదు.

9500 అద్దె 12000 తర్వాత వస్తోంది

అంకెలు కొటేషన్లలో వచ్చాయి. ఫీల్డ్ టెక్స్ట్, దాని కింద కీవర్డ్ (విడగొట్టకుండా ఉన్నదున్నట్టు ఉంచే అక్షరాల టైప్) అయ్యింది. సార్టింగ్ అక్షర క్రమంలో జరుగుతోంది. ఇంటీజర్ (పూర్ణాంకాల టైప్) చాలు, కానీ కొటేషన్లలోని అంకెలను అంకెగా మార్చేది కోయర్సే కాబట్టి ఇక్కడ దాన్ని ఆపకండి.

కొన్ని లిస్టింగులు ఇండెక్స్‌లోనే లేవు

ఫోన్ నంబర్‌కు ఇంటీజర్ పెట్టారేమో చూడండి. దాని హద్దు 2147483647. మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతాయి కాబట్టి ఒక్కటీ పట్టదు. బల్క్‌లో (ఒకే రిక్వెస్ట్‌లో చాలా డాక్యుమెంట్లు) పంపితే పై స్టేటస్ 200 అనే వస్తుంది, లోపల ఎర్రర్స్ ట్రూ అని ఉంటుంది. దాన్ని చదవని కోడ్ హాయిగా ముందుకెళ్లిపోతుంది.

కూడికలు, సగటులు అక్కర్లేని నంబర్‌ను కీవర్డ్‌గానే ఉంచండి. పిన్‌కోడ్ కీవర్డ్ అయితేనే 560తో మొదలయ్యేవన్నీ అని వెతకొచ్చు. ఎస్‌టీడీ కోడ్ 080 అంకె అయితే ముందు సున్నా పోయి 80 మిగులుతుంది.

మార్చడం ఎలా

ఉన్న ఫీల్డ్ టైప్ మారదు. సరైన మ్యాపింగ్‌తో, డైనమిక్‌ను స్ట్రిక్ట్ (మ్యాపింగ్‌లో లేని ఫీల్డ్ వస్తే తిప్పికొట్టేలా) చేసి కొత్త ఇండెక్స్ తెరవండి. రెప్లికాలు (అదనపు కాపీలు) 0, రీఫ్రెష్ ఇంటర్వెల్ (కొత్త డేటా వెతుకులాటకు అందే వ్యవధి) -1 పెట్టి, పాత డేటాను కొత్తదాంట్లోకి కాపీ చేసే రీఇండెక్స్ నడపండి. అది సోర్స్ నుంచే చదువుతుంది కాబట్టి కోసుకుపోయిన 2.5లు తిరిగొస్తాయి. ఈలోగా కొత్త రాతలు ఆపండి, లేదా రెండు ఇండెక్సుల్లోనూ రాయండి. అయ్యాక ఆ రెండు సెట్టింగులూ వెనక్కి మార్చి, డాక్యుమెంట్ల లెక్క సరిచూసి, అలియాస్‌ను (ఇండెక్స్ మారుపేరును) పాతదాని నుంచి తీసి కొత్తదానికి తగిలించడం ఒకే రిక్వెస్ట్‌లో చేయండి. 2.5 బీహెచ్‌కే క్వెరీ మళ్లీ కొట్టి చూశాకే పాత ఇండెక్స్ డిలీట్ చేయండి.