నరాల పరీక్షకు ముందు ఆ చెయ్యి ఒకసారి పట్టుకుని చూడండి

పోయిన వారం ఒక టైలరమ్మ వచ్చింది. రెండు చేతులకూ కార్పల్ టన్నెల్ (మణికట్టు దగ్గర నరం నలిగే జబ్బు) అని నరాల పరీక్ష రిపోర్టు, ఆపరేషన్ చేయించుకోవాలేమో అన్న టెన్షన్. అక్కడి మీడియన్ నరం డిస్టల్ లేటెన్సీ, అంటే మణికట్టు దగ్గర కరెంటు ఇచ్చాక చేతి కండరం స్పందించడానికి పట్టే టైమ్, 4.9 మిల్లీసెకన్లు. పొద్దున్నే చలిలో బండి మీద వెళ్లి, ఏసీ గదిలో కూర్చుని చేయించుకుందట. రిపోర్టులో చేతి టెంపరేచర్ ఎక్కడా రాయలేదు. మా దగ్గరికి వచ్చేసరికి కూడా చర్మం 27 డిగ్రీలే ఉంది. వెచ్చబరిచి 33కి తెచ్చాక 3.8 వచ్చింది. రోగం నరానిది కాదు, డిసెంబరుది!

నరాల పరీక్ష చేసే టెక్నీషియన్లు మీరు, ఎలక్ట్రోడ్లు ఎక్కడ అంటించాలో మీకు చెప్పక్కర్లేదు. చలికాలంలో మన కొంప ముంచేది ఒక్కటే, చల్లటి చెయ్యి. ఒక్క డిగ్రీ తగ్గితే నరం వేగం సెకనుకు సుమారు 2 మీటర్లు పడిపోతుంది, లేటెన్సీ 0.2 మిల్లీసెకన్ల దాకా పెరుగుతుంది. చలికి నరంలోని సోడియం చానెళ్లు (కరెంటు నడిపే సన్నటి ద్వారాలు) నెమ్మదిగా తెరుచుకుని, ఆలస్యంగా మూసుకుంటాయి. అందుకే వేగం తగ్గినా ఆంప్లిట్యూడ్ (తరంగం ఎత్తు) మాత్రం పెరుగుతుంది. అన్ని నరాలూ కాస్త కాస్త నిదానించి, తరంగాలు మాత్రం బలంగా కనిపిస్తే మెషీన్ వదిలేసి ముందు చెయ్యి పట్టుకోండి.

చేతికి 32, పాదానికి 30 డిగ్రీలకు తగ్గకూడదు. గోరువెచ్చని నీళ్లలో పది పదిహేను నిమిషాలు ఉంచి, తుడిచి, మళ్లీ కొలవండి. చర్మం ముందు వేడెక్కుతుంది, లోపలి నరానికి ఇంకాస్త టైమ్ పడుతుంది. షుగర్ ఉన్నవాళ్ల పాదాలకు వేడి తెలియకపోవచ్చు, నీళ్లలో ముందు మీ చెయ్యి పెట్టి చూడండి. చల్లటి చేతికి వచ్చిన అంకెను ఫార్ములాతో సరిచేస్తాం అంటారు కొందరు. ఆ లెక్కలు ఆరోగ్యంగా ఉన్న నరాలవి, జబ్బు నరానికి అవే సరిపోతాయని ఎలా అనుకుంటాం? వెచ్చబరచండి, అంతే.

కొబ్బరినూనె, వాజలీన్ రాసుకుని రావద్దని ఫోన్‌లోనే చెప్పండి. జిడ్డు ఉంటే కరెంటు సరిగా దిగదు.

పేస్‌మేకర్ ఉందా అని అడగండి. గుండె దగ్గర నుంచి వైర్లు బయటికి వచ్చే తాత్కాలిక పేసింగ్ ఉంటే కరెంటు ఇచ్చే స్టిమ్యులేటర్ ముట్టుకోవద్దు.

రక్తం పలచబడే మందులు వాడుతుంటే కండరంలో సూది గుచ్చి చేసే పరీక్షకు ముందే డాక్టర్‌కు చెప్పాలి. మాత్ర ఎవరూ సొంతంగా మానకూడదు.

పేషెంటు అబ్బా అనగానే కరెంటు ఆపి, వచ్చిన చిన్న తరంగాన్నే రాసెయ్యకండి. తరంగం పెరగడం ఆగాక కరెంటు ఇంకో 20 శాతం పెంచి చూడాలి. లేకపోతే మంచి నరమే చచ్చిన నరంలా కనిపిస్తుంది.

కరెంటు ఇచ్చే చోటికీ, తరంగం పట్టే ఎలక్ట్రోడ్‌కూ మధ్య దూరం టేపుతో రెండుసార్లు కొలవండి.

గ్రౌండ్ ఎలక్ట్రోడ్ మరవొద్దు.

ఏసీ తగ్గించండి.

రెండో చెయ్యి చేసే ముందు మళ్లీ టెంపరేచర్ చూడండి, మొదటి చెయ్యి చేసేలోపు అది చల్లబడిపోయి ఉంటుంది.

డిగ్రీలు రిపోర్టులో రాయండి. రాయని రిపోర్టు మీ చేతికి వస్తే, సంతకం ఎవరిదైనా సరే, మళ్లీ చేయండి.