అరకు ఘాట్ ఎక్కే ముందు ఫోన్ సంగతి తేల్చుకోండి

కార్తీకం వచ్చిందంటే విశాఖ జనం ఆదివారాలు అరకు దారి పడతారు. సంక్రాంతి దాకా ఇదే వరస. బ్రేకులు, టైర్లు చూపించుకుని బయల్దేరేవాళ్లు చాలామందే. ఫోన్ ఎవరి చేతిలో ఉండాలో తేల్చుకునేవాళ్లే తక్కువ.

నన్నడిగితే అసలు చిక్కు వెనకొచ్చే కారుతోనే. చుట్టాలంతా రెండు మూడు బళ్లలో బయల్దేరతారు, పెందుర్తి దాటకుండానే ‘ఎందాకా వచ్చారు బావా?’ అని మొదలు. ఇంటి దగ్గరే మాట అనేసుకోండి: ఘాట్ మొదలవకముందు ఎస్.కోట (శృంగవరపుకోట)లో టిఫిన్, ఆ తర్వాత కొండ మీద అనంతగిరిలో కలుద్దాం. మధ్యలో ఫోన్లు లేవు. మరీ తప్పకపోతే పక్కసీట్లో వాళ్లు మాట్లాడతారు.

ఘాట్ ఎక్కాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. మాట తెగిందా, ‘హలో, హలో, వినబడుతోందా’ అంటూ మనిషి ఫోన్‌లోకే దూరిపోతాడు. బ్లూటూత్ అయినా అంతే, కళ్లు రోడ్డు మీదుంటాయి గానీ ధ్యాస ఉండదు. ఇక స్క్రీన్ చూడటమంటారా? గంటకు 40 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 11 మీటర్లు పోతాం. మూడు సెకన్లు తల దించితే 33 మీటర్లు గుడ్డిగా నడిపినట్టే, ఈలోపు మలుపు వచ్చేస్తుంది.

ఆ మలుపు అవతల బస్సుందని చెప్పేది హారనే. పాటలు వద్దనను, ఎస్.కోట దాటాక సౌండ్ తగ్గించండి చాలు. బైకుల మీద వచ్చే కుర్రాళ్లు మాత్రం ఇయర్‌ఫోన్లు తీసెయ్యాలి. హెల్మెట్‌లో ఫోన్ దోపితే ఓ చెవి మూసుకుపోతుంది, అది జారినప్పుడు చెయ్యి హ్యాండిల్ వదిలేస్తుంది.

మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసి స్టాండ్‌లో పెట్టండి. దారి చూసుకోవడానికైతే, అదీ ధ్యాస చెదరకుండా, ఫోన్ వాడొచ్చని 2020 అక్టోబర్ నుంచి నిబంధన ఉంది. చేత్తో పట్టుకుని మాట్లాడుతూ ప్రమాదకరంగా నడిపితే మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

పిల్లలకు మలుపుల్లో వాంతులవుతాయి. కవర్లు, నీళ్లు వెనకసీట్లో పెద్దవాళ్ల దగ్గరుంచండి, లేకపోతే స్టీరింగ్ పట్టుకున్నాయన వెనక్కి తిరుగుతాడు. ‘అదిగో లోయ’ అన్నా ఆయన తల తిరుగుతుంది పాపం, ఆయనకీ చూడాలనుంటుంది కదా. గాలికొండ దగ్గర బండి ఆపి అందరూ చూడండి.

తిరుగు ప్రయాణం చీకటి పడకముందే మొదలుపెట్టండి. పొద్దుపోయి మంచులో దిగాల్సి వస్తే పక్కసీటు వాళ్లు కూడా ఫోన్ తెరవొద్దు: ఆ వెలుగు అద్దం మీద పడితే ముందున్న రోడ్డు కనబడదు.